తెరుచుకోని ఫొటో

మౌలాలికి చిక్కంతా ఒక్కటే. దర్గా ఉరుసులో తాను తీసిన ఫొటోలను జనానికి ఏ ఫైలుగా ఇవ్వాలి? కెమెరా పట్టింది పట్టినట్టు ఉండే పెద్ద ఫైలు ‘రా’; మామూలు ఫోనులో తెరుచుకోదు. దాన్ని అదిమి చిన్నది చేస్తే జేపెగ్. ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. అదిమితే మాత్రం కొంత పోతుంది. ఆ పోయేదాన్ని తలుచుకుంటేనే మౌలాలికి ప్రాణం ఉసూరుమనేది.

"మీకివి అర్థం కావులే హజ్రత్," అన్నాడొకసారి, దర్గాలో ఉండే తన గురువు జిలానీ సాహెబ్‌తో. సాహెబ్ ఆ మాట మరిచిపోలేదు.

ఆ పొద్దున ఇద్దరూ దర్గా గదిలో ఉండగా హుసేనమ్మ మళ్లీ వచ్చింది. రెండు బస్సులు మారి, ఇది మూడోసారి. ఆమె భర్త దస్తగిరి గంధం ఊరేగింపులో డప్పు వాయిస్తుంటే మౌలాలి ఫొటో తీశాడు. రంజానుకు ముందర ఆ మనిషి పోయాడు. ఇంట్లో ఇంకో ఫొటో లేదు.

"నువ్వు పంపింది తెరుచుకోలేదు నాయనా. బూడిద రంగు డబ్బా ఒకటి వస్తాంది, అంతే."

"తప్పు ఫోనుదమ్మా. మంచి కంప్యూటర్లో చూడండి."

"మా ఊళ్లో అదెక్కడిది? చిన్నది చేసిస్తే వస్తుందంట గదా, మా అల్లుడు చెప్పినాడు."

"చిన్నది చేస్తే ఆయన గడ్డంలో వెంట్రుకలన్నీ కలిసిపోతాయమ్మా! నా చేత్తో నేనట్లా పాడు చేయను. కావాలంటే టిఫ్ ఫైలు చేసిస్తా. అదింకా పెద్దది..."

జిలానీ సాహెబ్‌కు ఒళ్లు మండింది. చేతిలోని తస్బీ జపమాల పక్కన పెట్టాడు.

"ఒరే, నీ పాండిత్యం ఆపి ఆయన్ను తెర మీదికి తే."

మౌలాలి తన కంప్యూటర్లో ఫొటో తెరిచాడు. దస్తగిరి డప్పు మీదికి వంగి నవ్వుతున్నాడు. సాహెబ్ హుసేనమ్మ ఫోను తీసుకుని, శిష్యుడి భుజం మీదుగా ఆ తెరకే ఫొటో కొట్టాడు.

"అయ్యో హజ్రత్! అదేం పని? అంతా గీతలు పడతాయి!"

"నాకివి అర్థం కావులే," అన్నాడు సాహెబ్.

హుసేనమ్మ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "ఈయనే... పన్ను ఊడిన చోటు గూడా కనపడతాంది." ఆపైన కొంగుతో ఫోను తుడవడం మొదలుపెట్టింది. తుడిచి చూసింది. మళ్లీ తుడిచింది.

"ఏందమ్మా?" అన్నాడు మౌలాలి.

"ఈయన చెంప మీద ఏదో మచ్చ నాయనా. ఎంత తుడిచినా పోతాలేదు."

మౌలాలి వంగి చూశాడు. సాహెబ్ ఫొటో కొట్టినప్పుడు, కిటికీ వెలుతురుకు కంప్యూటరు తెర మీద పడిన తన ముఖమే అది.

"తుడిస్తే పోదు తల్లీ," అన్నాడు జిలానీ సాహెబ్. "మళ్లీ కొడతా. ముందు వాడు జరగాల."