అందరూ తిన్నారన్న చిలక

అనగా అనగా ఒక రాజు. పేరు విమలసేనుడు. మంచివాడే గాని తిండిపుష్టి కాస్త ఎక్కువ. నవ్వకండర్రా, కథంతా ఆయన భోజనం మీదే నడుస్తుంది.

ఒక కరువు ఏడాది ఆయన ఊరూరా చాటింపు వేయించాడు. "మూడేళ్లలో నా రాజ్యంలో ఆకలితో పడుకునే పిల్లలు ఉండకూడదు. ఇవాళ్టి నుంచి పిల్లలందరూ తిన్నారని కబురొస్తేనే నేను ముద్ద ముడతాను."

మొదటి రోజు కబురు రాలేదు, రాజు తినలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు కళ్లు తిరుగుతుంటే ధూమకేశుడనే మాంత్రికుడు భుజాన చిలకతో వచ్చాడు. "ధాన్యం కొట్ల తాళాలు నాకివ్వండి ప్రభూ. పిల్లలకు నేను పెడతాను, కబురు నా చిలక తెస్తుంది," అన్నాడు. ఆ సాయంత్రమే చిలక వచ్చి, "అందరూ తిన్నారు," అంది. రాజు కడుపారా తిన్నాడు. ఆ తర్వాత రోజూ తిన్నాడు.

మూడేళ్లు గడిచాయి. రాజుగారి ముగ్గురు కొడుకుల్లో పెద్దవాళ్లిద్దరూ తండ్రి పక్కనే తిని పడుకునేవాళ్లు. చిన్నవాడు చిత్రసేనుడు వేటకని వెళ్లి, పొలిమేరలో ఉప్పుమళ్ల దగ్గర ఒక పిల్లను చూశాడు. పేరు పోలి. ఉప్పుకల్లు చప్పరిస్తోంది.

"ఏం తిన్నావమ్మా?"

"నిన్న రాజుగారు తిన్నారా అయ్యా?"

"తిన్నారు."

"అయితే మేమూ తిన్నట్టే కదా," అంది పోలి. ఎకసెక్కం కాదర్రా, నిజంగానే అలా అనుకుంటోంది.

చిత్రసేనుడు తన చద్దిమూట ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "మళ్లీ వస్తాను, అన్నంతోనే వస్తాను," అని మాటిచ్చాడు.

తండ్రికి చెబితే, "చిలక అబద్ధమాడదురా," అన్నాడు. ఇక మాంత్రికుణ్ణి చంపాల్సిందే అనుకున్నాడు చిత్రసేనుడు. మాంత్రికుల ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉంటుందని విన్నాడు పాపం, మీలాగే. గద్ద దారి చూపింది, మొసలి వీపున మోసింది. ఏడాది తిరిగి ఏడో సముద్రం దాటితే, గుహలో ఖాళీ పెట్టె, దాని మీద ఒక చీమ.

"ఇక్కడేముంది నాయనా?" అంది చీమ. "వాడి ప్రాణం మీ నాన్న భోజనశాలలోనే జామపండు తింటోంది. మెడ విరిచావా, ఇంకో చిలకలో దూరుతాడు. ఆ చిలక నోట నిజం వస్తేనే చస్తాడు."

చిత్రసేనుడు అన్నం మూటతో ముందు ఉప్పుమళ్లకే పరుగెత్తాడు. పోలి లేదు. వాళ్లమ్మ గంగాలు మూట వైపు చూసింది.

"అన్నం తెస్తానన్న అయ్య వస్తాడని దారి చూసింది దొరా. మొన్న అమాస దాకా చూసింది."

చిత్రసేనుడు ఆ మట్టిలో కూలబడి ఏడ్చాడు. ఏడవడా మరి?

తర్వాత కోటకు వెళ్లి చిలకను తన గదిలో దాచాడు. మూడు రోజులు గింజ పెట్టలేదు. కబురు లేక రాజూ మూడు రోజులు పస్తున్నాడు. నాలుగో సాయంత్రం చిలకను తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. మాంత్రికుడు జామపండుతో పరుగెత్తుకొచ్చేలోపే చిలక నోరు తెరిచింది.

"ఆకలంటే ఇదా ప్రభూ! ఆ పిల్లలెవరూ తినలేదు. నేను రోజూ చూశాను."

ధూమకేశుడు గడపలోనే విరుచుకుపడి చచ్చాడు. రాజు ఖాళీ విస్తరి వంక చూస్తూ, "ఎన్ని పూటలు తిన్నానురా నేను?" అన్నాడు.

కొట్లు తెరిపించాడు. కొడుకులను వెంటబెట్టుకుని గడప గడపకూ నడిచి పిల్లలు తిన్నారో లేదో తానే చూశాడు. మూడేళ్లలో అవుతుందన్న పనికి ఏడేళ్లు పట్టింది. సగంలోనే ఆయన కన్నుమూశాడు.

తండ్రి చివరి మాట మీద రాజైన చిత్రసేనుడికి పెళ్లి జరిగింది. విస్తళ్లు వేశారు, వడ్డించారు, ఎవరూ చెయ్యి పెట్టలేదు. అన్నం చల్లారింది. పొద్దు వాలుతుంటే ఉప్పుమళ్ల నుంచి గంగాలు నడిచి వచ్చింది.

"అందరూ తిన్నారు దొరా. నా కళ్లతో చూశాను," అంది. విస్తళ్ల వంక చూసి, "మా పోలి తప్ప," అంది.

చిత్రసేనుడు పక్కన ఒక చిన్న విస్తరి వేయించి, మొదటి ముద్ద అందులో పెట్టాడు. రాజ్యం ఏలిన నలభై ఏళ్లూ పూటపూటా పెట్టాడు.

కథను కంచికి తర్వాత పంపుదాం. ముందు వెళ్లి పక్కింటి పిల్ల తిన్నదో లేదో చూసి రండి. అడిగి కాదు, చూసి రండి.