చెంచయ్య చూడకుండా చెప్పిన మాట

అనగనగా ఒక పెద్ద అడవి ఉండేదర్రా పిల్లలూ. అది ఒకప్పుడు ఒక్కటే అడవి. పులులకూ ఏనుగులకూ పడక మూడు ముక్కలైంది. ముక్కకీ ముక్కకీ నడుమ ముళ్ళకంప వేశారు. ఇటువాళ్ళు అటు పోరు, అటువాళ్ళు ఇటు రారు. పెద్దవాళ్ళు కొట్టుకుంటే నలిగేది చిన్నవాళ్ళేగా!

ఆ అడవిలో చెంచయ్య అనే ముంగిస ఉండేవాడు. ఏ మందను ఎవరు నడిపిస్తున్నారు, ఎందుకు బాగుపడింది, ఎక్కడ చెడింది, ఇవన్నీ చూసి పదిమందికీ చెప్పడం అతని పని. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. ఏ మంద సంగతి చెప్పాలన్నా, ముందు ఆ మందతో కొన్నాళ్ళు తిరగాలి.

ఒక ఎండాకాలం వాగులన్నీ ఎండిపోయాయి. లోయలో ఒక్క మడుగే మిగిలింది. అక్కడ రేచుకుక్కలు, అదే గుంపుగా వేటాడే అడవికుక్కలు, కాపు కాస్తాయి. దుప్పుల మందకు పెద్ద పున్నమ్మ. ఆమె చెంచయ్య దగ్గరికి వచ్చింది.

"మావా! పిల్లలు దాహంతో సొమ్మసిల్లుతున్నారు. కంప అవతలి కణుజులకు, ఆ పెద్ద జాతి జింకలకు, రేచుకుక్కలతో ఏళ్ళ తరబడి పోరు. వాళ్ళు మందను నీళ్ళకు ఎలా దించుతారో కనుక్కుని చెప్పవూ?" అంది.

"దానికేం తల్లీ, చెప్తాను" అన్నాడు చెంచయ్య.

కంప దాకా వెళ్ళాడు. ముళ్ళు చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో మాటల గుహ గుర్తొచ్చింది. అడవిలో ఎవరేం మాట్లాడినా ఆ గుహ విని దాచుకుంటుంది. ఏది అడిగినా తడుముకోకుండా చెబుతుంది.

"చేతిలో వెన్న పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడమెందుకు?" అనుకుని గుహకే వెళ్ళాడు.

"గుహా, కణుజులు నీళ్ళకు ఎలా దిగుతాయి?"

"ఒకే వరుసలో. బలమైన పోతు ముందు, పిల్లలు చివర" అంది గుహ తియ్యగా.

"నిజమేనా?"

"కణుజుల నోటే విన్నాను."

ఎప్పుడు విన్నావని మాత్రం అడగలేదు మహానుభావుడు! ఆ మాటే తెచ్చి పున్నమ్మకు చెప్పాడు. తాను చూసి వచ్చినంత ధీమాగా చెప్పాడు.

తెల్లవారుతుండగా మంద వరుసగా లోయలోకి దిగింది. రేచుకుక్కలు ముందున్న పోతు జోలికి పోలేదు. నేరుగా వరుస చివరి మీద పడ్డాయి. అయ్యో, ఏం చెప్పమంటారర్రా! కొందరు పిల్లలు పోయారు. పున్నమ్మ బిడ్డ కూడా పోయింది.

పున్నమ్మ చెంచయ్యను తిట్టలేదు. "మావా, నువ్వు కళ్ళారా చూశావా?" అని మాత్రం అడిగింది.

మందకు మళ్ళీ దాహం వేస్తుంది, మళ్ళీ దిగక తప్పదు. ఆ పూటే చెంచయ్య కంపలో దూరాడు. ఒళ్ళంతా చీరుకుపోయినా ఆగలేదు. అవతలి కణుజులతో కొన్నాళ్ళు తిరిగాడు. అన్నాళ్ళూ ఇవతల దుప్పులు చెమ్మ ఆకులు నములుతూ ప్రాణం నిలుపుకున్నాయి. అక్కడ కణుజులు నీళ్ళకు దిగేటప్పుడు పిల్లలు నడుమ ఉన్నారు. ఆరితేరిన ముసలి ఆడ కణుజులు చివర నడుస్తున్నాయి.

"వరుసలో పోరా మీరు?" అని అడిగాడు.

"అది మా తాతలనాటి పద్ధతి నాయనా" అంది ఒక ముసలి కణుజు. "కుక్కలు చివర పట్టడం నేర్చాయి. మేమూ మారాం. ఈ కంప పడ్డాక మా మాట మీ గుహకు ఎలా వినిపిస్తుంది?"

చెంచయ్య తిరిగి వచ్చాడు. గుహ మాట నమ్మి చూడకుండా చెప్పానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తర్వాత చూసింది చూసినట్టు చెప్పాడు. మర్నాడు మంద అలాగే దిగింది. కుక్కలు మంద చుట్టూ తిరిగి తిరిగి, సందు దొరక్క వెళ్ళిపోయాయి. మిగిలిన పిల్లలు కడుపునిండా నీళ్ళు తాగారు.

పున్నమ్మ అందరికన్నా చివర తాగి ఒడ్డుకు వచ్చింది.

"మంచి మాట తెచ్చావు మావా" అంది. "మొదటే వెళ్ళి ఉంటే, ఇవాళ నా బిడ్డ కూడా తాగేది."

నీతి: అన్నీ విన్నవాళ్ళను అడగడంలో తప్పు లేదు, కానీ పదిమంది ప్రాణాలు ఆధారపడే మాటను కంప దాటి వెళ్ళి, కళ్ళారా చూశాకే చెప్పాలి.