ఉప్పు చెప్పేవాళ్ళు

తనకు బుట్టలల్లడం తప్ప మరేదీ రాదని గంగులు తానే చెప్పుకునేవాడు. అయినా సాయంత్రం అరుగు మీద పొయ్యి పెట్టి బొబ్బర్ల వడలు వేశాడంటే వీధి వీధంతా చేరేది. పెళ్ళాం పోయాక ఆ ఇంట్లో మనుషుల మాట వినపడేది ఆ ఒక్క పూటే.

ఓనాడు ఆ దారిన పోతూ ఊరి దొర ఒక వడ రుచి చూశాడు.

"ఇకమీదట ఇవి నాకొక్కడికే. నీ వీధివాళ్ళు ఒక్కటి ముట్టినా నిన్ను ఊరు దాటిస్తా!"

మర్నాడు గంగులు వడలు పట్టుకెళ్ళాడు. దొర కొరికి ఉమ్మేశాడు.

"ఒట్టి ఉప్పురా ఇది!"

"నా చేతికి ఉప్పు అంచనా ఏనాడూ లేదు దొరా. మొదటి వాయి తిని ఇరుగుపొరుగు తిట్టేవాళ్ళు. ఆ తిట్లు విని మరికాస్త పిండి కలిపేవాణ్ణి. తమరు తిన్నది అయిదో వాయి."

"నువ్వే రుచి చూడకపోయావా?"

"తమరికి ఎంగిలి పెట్టనా దొరా?"

దొర తన నౌకరును పిలిచి ఓ వడ తినమన్నాడు. వాడు గుటకలు మింగుతూ, "అమృతం దొరా!" అన్నాడు.

"చూశారా, ఇక్కడ నన్ను తిట్టేవాళ్ళు లేరు," అన్నాడు గంగులు మెల్లగా.

దొర చాలాసేపు నౌకరు మొహంలోకే చూశాడు.

"సరే, వెళ్ళి మీ వీధికే పెట్టుకో. మిగిలినవి నాకు పంపు."

"మిగలవు దొరా. కావాలంటే తమరే వచ్చి అరుగు మీద కూర్చోవాలి."