రాజుగారు మాడ్చిన తాటిరొట్టె

అనగనగా కుందవరమని ఒక రాజ్యం. అక్కడ రాజుగారికన్నా ముందు పొయ్యి నిద్రలేచేది, రాజుగారు పడుకున్నాకే పొయ్యి పడుకునేది. అంత తిండిపుష్టి గల రాజ్యం.

అలాంటి చోట ఒక పిల్ల అన్నం మానేసింది. మరెవరో కాదు, ధర్మకేతు మహారాజుగారి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ల హేమరేఖ.

పాపకి ఇరవై ఒక్క రోజులు జ్వరం కాసింది. పోయేటప్పుడు ఆ జ్వరం ఆకలిని కూడా వెంటబెట్టుకుపోయింది. ముద్ద చూపిస్తే చాలు, పాప గోడవైపు తిరిగి పడుకునేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

రాజవైద్యుడు నాడి చూసి నిట్టూర్చాడు. "ప్రభూ, నా మందుల పని అయిపోయింది. ఇక అన్నమే మందు. మూడు రోజుల్లో నోట ముద్ద పడకపోతే ఆపైన దేవుడే దిక్కు."

రాజుగారి గుండె జారిపోయింది. పాప చేత ముద్ద తినిపించినవారు ఏది కోరితే అది ఇస్తానని చాటింపు వేయించారు.

ఇక్కడ ఆ కోట కట్టుబాటు ఒకటి చెప్పాలి. తాతలనాటిది. అంతఃపురానికి వెళ్లే వంటలో మాడు కనబడకూడదు. మాడిన వంట వడ్డించినవారు మూటాముల్లె సర్దుకుని పొలిమేర దాటాలి. మరి పొయ్యి అన్నాక మాడకుండా ఉంటుందా? వంటవాళ్లు మాడిన చోట గోకి, కోసి, పైన నెయ్యి పూసి పంపేవారు. అది తొమ్మిది వాకిళ్లు దాటేసరికి చల్లారి రాయయ్యేది. రాజుగారింట పుట్టిన పాపానికి ఆ పిల్ల వేడన్నం ఎరగదు!

మొదటి రోజు ఆస్థాన వంటవాడు వరదయ్య ముప్పై రెండు రకాలు వండాడు. పులిహోర, దద్దోజనం, బొబ్బట్లు, ఇంకా ఏవేవో వెండి పళ్లేల్లో వరస కట్టాయి. పాప కళ్లు తెరిచి చూసి, మళ్లీ గోడవైపు తిరిగింది.

రెండో రోజు పొరుగు రాజ్యం నుంచి ఒక పాకశాస్త్రి వచ్చాడు. కోవాతో నెమలిని చేశాడు, పాకంతో దానికి పింఛం పెట్టాడు. "బాగుంది" అంది పాప. దాన్ని కిటికీలో బొమ్మలా పెట్టుకుంది. చీమలు మాత్రం కడుపారా తిన్నాయి.

మూడో రోజు పొద్దున్నే కోట గుమ్మం ముందు ఒక ముసలమ్మ నిలబడింది. పేరు అక్కాంబ. కోట బయట బండివాళ్లకు పూటకూళ్లు పెట్టుకుని బతుకుతోంది. నెత్తిన గంపలో నాలుగు తాటిపళ్లు, చేతిలో మందపాటి మూకుడు.

"పాపని పొయ్యి దగ్గరికి తీసుకురండి ప్రభూ. నా వంట తొమ్మిది వాకిళ్లు నడవలేదు, నాలాగే దానికీ మోకాళ్ల నొప్పులు" అంది.

మంత్రులు ముక్కున వేలేసుకున్నారు. రాజుగారు మాత్రం మారుమాట లేకుండా పాపని భుజాన వేసుకుని వంటశాలకు నడిచారు.

అక్కాంబ ఒక పొయ్యి మీద అన్నానికీ చారుకీ ఎసరు పెట్టింది. ఇంకోవైపు తాటిపళ్ల గుజ్జు తీసి, అందులో బియ్యపునూక, బెల్లం, కొబ్బరికోరు కలిపి మూకుట్లో పోసి పక్క పొయ్యి మీద పెట్టింది. మూత పెట్టి, కింద కాసిని నిప్పులు, మూత మీద కాసిని నిప్పులు పరిచింది.

వైద్యుడు గాభరాపడ్డాడు. "శివశివా! జ్వరం తగ్గిన పిల్లకు తాటిరొట్టా?"

"రొట్టె పాపకి కాదు బాబూ, పాప ముక్కుకి. ఆకలి ముందు ముక్కులోంచే వస్తుంది. నోటికి చారన్నమే."

వాసన మెల్లగా లేచింది. పాప ముక్కుపుటాలు కదిలాయి. తల కాస్త ఎత్తింది.

అది చూసి రాజుగారికి ఆత్రం ఆగలేదు. "అయిందా?" అంటూ ఒక కట్టె రొట్టె పొయ్యిలోకి తోశారు. కాసేపాగి "ఇంకా కాలేదా?" అంటూ ఇంకో కట్టె ఎగదోశారు. మూడోసారి ఏమీ అడక్కుండానే తోసేశారు. పొయ్యి మొహం ఎరగని రాజు, మంట పెంచితే రొట్టె తొందరగా అవుతుందనుకున్నారు. రాజుగారి చెయ్యి పట్టుకుని ఆపడానికి అక్కాంబకు ధైర్యం చాలలేదు.

మూత తీసేసరికి మాడు వాసన గుప్పుమంది.

వరదయ్య ఆమె చెవిలో గొణిగాడు. "అడుగు కోసెయ్యి, పైన నెయ్యి పుయ్యి. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. లేకపోతే రేపు నువ్వు పొలిమేర అవతలుంటావు."

అక్కాంబ మాడిన రొట్టె వైపు చూసింది. ఈ వయసులో పూటకూళ్ల ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది? కానీ పాప తనవైపే చూస్తోంది. ఆ కళ్ల ముందు మాడు దాచబుద్ధి కాలేదు. రొట్టెను తిరగేసి నల్లటి అడుగు పైకి పెట్టింది.

"ప్రభూ, రొట్టె మాడింది. మంట ఎగదోసింది తమరు. వద్దని చెప్పలేకపోయింది నేను. తప్పు చెరి సగం."

రాజుగారు నోరు తెరిచారు. మీసాల మీద బూడిద, ముక్కు మీద మసి.

అప్పుడు కిలకిలమని ఒక నవ్వు వినిపించింది.

"నాన్నగారు మాడ్చారు! నాన్నగారు మాడ్చారు!" అంటూ పాప చప్పట్లు కొట్టింది. నవ్వి నవ్వి అలసిపోయి, అక్కాంబ కొంగు పట్టుకుంది. "అవ్వా, ఆ నల్ల చెక్క కరకరలాడుతుందా? నాకు కావాలి."

"మూడు ముద్దలు చారన్నం తింటే గోరంత చెక్క ఇస్తా తల్లీ. సరేనా?"

పాప నోరు తెరిచింది. పొగలు కక్కే ముద్దను అక్కాంబ ఊది ఊది పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది పాపే అడిగింది. వైద్యుడు పైకి చూసి దండం పెట్టుకున్నాడు. రాజుగారు అందరి ముందూ పసిపిల్లాడిలా ఏడ్చేశారు. మూడు రోజులుగా ఆయన గుండె మీదున్న బండ దిగిపోయింది.

గోరంత చెక్క కరకరా నమిలి పాప అంది, "కొంచెం చేదు, బోలెడు తీపి."

"ఏం కావాలో కోరుకో అవ్వా" అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుని.

"ఆ మాడు కట్టుబాటు తీసేయండి ప్రభూ. రోజూ ఒక పూట పాపకి వంటింట్లోనే పీట వేయండి."

"తీసేయక తప్పుతుందా? లేకపోతే ముందు నేనే మూట సర్దుకోవాలి!"

ఆ మాట విని వరదయ్య హమ్మయ్యా అని ఉన్నచోటే చతికిలబడ్డాడు. "ప్రభూ, మొన్నటి బొబ్బట్లూ మాడాయి" అనేశాడు. ముప్పై ఏళ్ల బరువు ఆ ఒక్క మాటతో దిగిపోయింది. అందరూ నవ్వారు, అందరికన్నా గట్టిగా వరదయ్యే నవ్వాడు. ఆ పూట రాజు, మంత్రులు, వంటవాళ్లు ఒకే బంతిలో కూర్చుని వేడివేడి చారన్నం తిన్నారు. మిగిలిన మాడు చెక్కల కోసం ఇద్దరు మంత్రులు కాస్త పోట్లాడుకున్నారని కూడా చెప్పుకుంటారు.

నీతి ఏమిటంటే పిల్లలూ, దాచి పెట్టిన మాడు చేదు, చెప్పి పెట్టిన మాడు తీపి.