చింతగింజల గౌరీ నోము కథ

పసుపు గౌరమ్మ ముందు దీపము వెలిగినది. అందరును అక్షతలు చేతబట్టి మనసు నిలిపి వినుడు.

ఒకనాడు ముద్గలుడు లోమశ మహామునిని సమీపించి, "స్వామీ! గృహస్థుల ఇంట అప్పు ప్రవేశించినచో మొదట నవ్వు పోవును, పిమ్మట మనుష్యులు పోవుదురు. ఒక్కరును విడిపోకుండ అప్పు తీరు నోమేదైనను కలదా?" అని యడిగెను. లోమశుడు ఇట్లు చెప్పెను.

ఉన్నివాడ యను పల్లెలో గొంగళ్ళు నేయు బీరయ్య, అతని భార్య కొమురవ్వ, తల్లి ఎల్లవ్వ, తమ్ముడు అయిలయ్య కలిసి జీవించుచుండిరి. తెవులు తగిలి గొర్రెలు చావగా షావుకారు వద్ద అప్పు చేసిరి. దుఃఖము మరచుటకు జాతర జాతరకు బండి కట్టించుకొని పోయిరి. మిఠాయిలు అరువు తెచ్చిరి. అప్పు రెండింతలాయెను. మగ్గమును పట్టుకొనిపోవుదునని షావుకారు కబురంపెను.

అంతట కొమురవ్వ నడుము బిగించెను. జాతరలు మాన్పించెను. అంతటితో ఆగక, సందెవేళ ఇంటివారు అష్టాచెమ్మ ఆడుకొను చింతగింజలను సైతము గొంగళ్ళకు పట్టించు గంజిలో వేసి ఉడికించెను. ఒక్క గింజయు వృథా పోరాదని ఆమె తలంపు.

అయిలయ్య కుండలోనికి తొంగిచూచి, "వదినా, రేపు మా పండ్లు గూడ ఊడబీకి ఉడకబెడ్తవా?" అనెను.

"నీ పండ్లు గంజికేం పనికొస్తయి, అన్ని పుచ్చినయే. మగ్గం కాడికి నడువు" అని ఆమె గద్దించెను.

నాటినుండి ఆ ఇంట ఆట లేదు, మాట లేదు. అన్న నేయగా తమ్ముడు గంజి పట్టించవలెను. ఇద్దరును మొగములు తిప్పుకొనగా గంజి ఒకచోట ముద్దగట్టెను, ఒకచోట అంటనే లేదు. ఆ గొంగళ్ళను అంగడిలో ఎవరును కొనలేదు. పరదేశము పోయి కూలి చేసికొందును, ఇక రానని అయిలయ్య మూట గట్టెను. ఎల్లవ్వ అన్నము ముట్టలేదు.

కొమురవ్వ వాగు గట్టున కూర్చుండి ఏడ్చెను. పార్వతీదేవి ముసలి ముత్తైదువ రూపున వచ్చి, కారణమడిగి, ఇట్లు బోధించెను. అంగడినాడు మొదట ఎంతో కొంత అప్పు చెల్లించవలెను. పిమ్మట పసుపు గౌరమ్మను పూజించి, జొన్నపేలాలు నైవేద్యము పెట్టి, ఇంటిల్లిపాదియు చింతగింజలతో ఆడవలెను. ఆటకై ఏదియు కొనరాదు. ఆటలో అప్పు మాట ఎత్తినవాడు తన పేలాలు పక్కవారికి ఈయవలెను. అప్పు కట్టక ఆడిన ఇల్లు కూలును. ఆడక కట్టిన ఇల్లు చీలును.

అది అంగడినాడే. కొమురవ్వ తనకై దాచుకొన్న ఉన్నిని షావుకారు బాకిలో జమకట్టించి ఇంటికి పరుగెత్తెను. గౌరమ్మను నిలిపి మొక్కెను, పేలాలు వేయించెను. పులుసుకు దాచిన చింతపండు పిసికి నాలుగు గింజలు తీసి, ఒకవైపు రాతిపై అరగదీసెను. అప్పటికే అయిలయ్య మూట భుజమున వేసికొనెను.

"పోయేటోనివి పో అయిలా. ఒక్కాట ఆడి పో."

"నన్ను ఆపనీకె సూస్తున్నవా వదినా?"

"ఆపుత లేను. నువ్వు గెలిస్తె మూట పొలిమేర దాంక నేనే మోస్త."

అందరును కూర్చుండిరి. ఎల్లవ్వ గింజలు విసరి, నాలుగే పడినను, ఎనిమిది పడినట్లు "అష్ట!" అని అరచెను.

"అవ్వా, తొండి! అది చెమ్మనే" అని అయిలయ్య అడ్డుపడెను.

"నా కండ్లకు అష్టనేరా."

బీరయ్య నవ్వాపుకొనలేక, "ఇట్ల లెక్కవెడితె షావుకారి బాకి ఇయ్యాల్నే తీరుతది" అనెను. అప్పు మాట ఎత్తినాడని అందరును అతని పేలాలు లాగికొనిరి. పొద్దు గుంకెను. "చీకటైంది, రేపు పోత" అని అయిలయ్య మూట దించెను. మరునాడు అవ్వ తొండి తలచుకొని అన్నదమ్ములు మగ్గము కడ నవ్విరి. గంజి సమముగా పట్టెను.

మరియొక అంగడినాడు గొంగడి అమ్ముడుపోలేదు. "ఈ వారం కట్టకపోతె ఏమైతది, ఆడుదాం పా" అని బీరయ్య అనెను. కొమురవ్వ ఒప్పుకొనలేదు. నైవేద్యపు జొన్నలలో సగము షావుకారు ఇంట కొలిచి వచ్చి, మిగిలిన సగమే వేయించెను.

అట్లు విడువక నోచగా అప్పు తీరెను, మగ్గము నిలిచెను, మంద పెరిగెను. అయిలయ్య "రేపు పోత" అనుచునే ఆ ఇంట ముసలివాడాయెను.

కావున అప్పుపడిన ఇల్లాండ్రు, మాటలు మానిన అన్నదమ్ములు, పిల్లలకేమియు కొనిపెట్టలేక కుమిలెడు తండ్రులు ఈ నోము నోచుకొనవలెను. దూరమైనవారి పేర ఒకసారి గింజలు విసరి, వారి వంతు పేలాలు ఉంచవలెను. అప్పు తీరిననాడు మరియొక అప్పుల ఇంటికి నాలుగు గింజలు, సోలెడు జొన్నలు వాయనమీయవలెను. నోచినవారికి బాకి తీరును, విన్నవారికి ఇంటివారి ఎడబాటు కలుగదు.

అక్షతలు గౌరమ్మపై వేసి, తలపై వేసికొనుడు. ఎవరును లేచి పోకుడు, ఆట పరచియున్నది.