చార్టులో రాయని పని

మైథిలి కారు మీద గీతలు మళ్ళీ వచ్చాయి.

పెద్ద గీతలు కావు. నీడలో కనపడవు. ఎండలోకి తీస్తే మాత్రం బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి, గుండ్రటి గీతలు. రెండేళ్ళ కిందట ఈ పాత కారు కొన్న వసంతంలో మెషిన్ పెట్టి అన్నీ పోయేదాకా పాలిష్ చేసింది. కిందటి వసంతంలోనూ చేసింది. రెండుసార్లూ ఏడాది తిరిగేసరికి అదే బానెట్, అవే గీతలు.

ఆమె విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. కారు ఆమె సరదా. ఇరవై ఏళ్ళ నాటి ముదురాకుపచ్చ కారు. కంపెనీలో వేసిన రంగు మీద ఇంతవరకు ఇంకో చుక్క రంగు పడలేదు. ఉగాది ముందు ఆదివారం పాత కార్ల సంఘం వాళ్ళు పెట్టే ప్రదర్శనలో అలాంటి కార్లకి విడిగా ఒక బహుమతి ఉంది. కిందటేడు ఈ గీతల వల్లే ఆమెకు రెండో స్థానం వచ్చింది. ఆ కసితో మర్నాడే మెషిన్ పట్టుకుంది.

ఈసారి అలా కాకూడదనుకుంది. దసరా నుంచి ప్రతి ఆదివారం ఆటోనగర్‌లో జిలానీ ఉస్తాద్ షెడ్డుకి వెళ్ళి పని నేర్చుకుంటోంది. ఉస్తాద్ నలభై ఏళ్ళు కార్లకి రంగులు వేసినవాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని స్ప్రే గన్ పక్కన పెట్టేశాడు. షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. అడిగినవాళ్ళకి చెబుతాడు, అడగనివాళ్ళకి చెప్పడు.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం మైథిలి ఒక చార్టు తెచ్చి ఆయన ముందు పరిచింది.

"ఇదేంటమ్మా, పంచాంగమా?"

"ప్లాన్ ఉస్తాద్. ప్రదర్శనకి ముందు మూడు ఆదివారాలున్నాయి. ఇరవై మూడు పనులు. కడగడం దగ్గర్నుంచి ఆఖరి మైనం పూత దాకా మొత్తం పంతొమ్మిది గంటల నలభై నిమిషాలు."

"టీకి ఎంత వేశావు?"

"ఆదివారానికి రెండుసార్లు, పదేసి నిమిషాలు. అందులోనే కలిపాను."

ఉస్తాద్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "సరే, అడుగు. ఏదో అడగడానికే వచ్చావు."

మైథిలి బ్యాగులోంచి రంగు మందం కొలిచే మీటరు తీసింది. "బానెట్ మధ్యలో మొదట నూట పద్దెనిమిది మైక్రాన్లు ఉండేది. మొదటి పాలిష్ తర్వాత నూట పదమూడు. ఇప్పుడు నూట ఎనిమిది. రంగు పైన రక్షణగా ఉండే క్లియర్ పొర నలభై అనుకుంటే, అంటే తలవెంట్రుకలో సగం, అందులో పది నేనే అరగదీశాను. సగానికి మించి అరిగితే ఎండకి పొర లేస్తుందని మీరే చెప్పారు. పాలిష్‌కి అయిదు లెక్కన నాకింక రెండు వసంతాలే ఉన్నాయి, దీంతో కలిపి."

"ఆ తర్వాత రంగు వేయించు."

"వేయిస్తే అది ఈ కారు కాదు ఉస్తాద్."

ఆయన మీటరు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు.

"అందుకే అడుగుతున్నా. తక్కువ అరగదీసి, ఏడాదంతా గీత పడకుండా ఉంచే పాలిష్ ఏది?"

"కారు చూపించు," అన్నాడు ఉస్తాద్.

కారు రోడ్డు వారగా ఉంది. వచ్చేదారిలో ఇసక లారీలు తగిలాయి, బానెట్ మీద పలచగా దుమ్ము పేరుకుంది. ఉస్తాద్ చెప్పులు వేసుకుని వచ్చేలోగా మైథిలి డోరు అరలోంచి గుడ్డ తీసి, నాలుగు పొడుగాటి ఊపుల్లో బానెట్ అంతా తుడిచేసింది.

"రండి ఉస్తాద్, ఇప్పుడు చూడండి."

ఉస్తాద్ బానెట్ వైపు చూడలేదు. ఆమె చేతిలోని గుడ్డ వైపు చూశాడు. "రోజూ ఇలాగే తుడుస్తావా?"

"రోజూ. పొద్దున్నే ఆరుంబావుకి. జ్వరం వచ్చినా మానలేదు."

"చార్టులో లేదే మరి."

"అది కూడా రాస్తారా ఉస్తాద్? పళ్ళు తోముకోవడం టైమ్‌టేబుల్లో వేసుకున్నట్టుంటుంది."

"గుడ్డ మంచిదేనా?"

"దూదిలా ఉంటుంది. గీత పడదని ప్యాకెట్ మీదే రాశారు. వారం వారం ఉతుకుతాను కూడా."

ఉస్తాద్ గుడ్డ అందుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత రెండో చెయ్యి చాపాడు.

"నీ కళ్ళద్దాలు ఇటివ్వమ్మా. మసగ్గా ఉన్నాయి, తుడిచిస్తా."

మైథిలి ఇచ్చింది. ఆయన ఆ గుడ్డనే అద్దం మీదికి తెచ్చాడు.

ఆమె చప్పున ఆయన మణికట్టు పట్టుకుంది. "ఆగండి ఉస్తాద్. దాన్నిండా దుమ్ముంది. అద్దాలు గీసుకుపోతాయి."

ఉస్తాద్ ఆగాడు. కళ్ళద్దాలు ఆమె ఒక చేతిలో, గుడ్డ ఇంకో చేతిలో పెట్టి, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు.

మైథిలి కళ్ళద్దాలు పెట్టుకుంది. గుడ్డ విప్పి ఎండకి పట్టింది. మెత్తటి నూలు పోగుల మధ్య ఇసక రేణువులు మెరుస్తున్నాయి. పెదాలు కదుపుతూ లెక్క వేసింది.

"ఏడు వందల పంతొమ్మిది సార్లు తుడిచాను," అంది చివరికి. "రెండేళ్ళు. ఊళ్ళో లేని పదకొండు రోజులు తీసేస్తే."

"నువ్వు చెబితే లెక్క సరిగ్గానే ఉంటుంది," అన్నాడు ఉస్తాద్, టీ గ్లాసు అందుకుంటూ.

మర్నాడు ఆరుంబావుకి మైథిలి కారు దగ్గరికి వెళ్ళింది. మంచుకి తడిసి ఆరిన దుమ్ము బానెట్ మీద మచ్చలు కట్టింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చూసి వచ్చేసింది. రెండో రోజు కూడా అంతే. నాలుగో రోజుకి వేపపూత రాలి అద్దం మీద అతుక్కుంది. అయిదో రోజు ఎవరో పిల్లలు వెనక అద్దం మీద వేలితో చేప బొమ్మ గీశారు.

అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కోటయ్య ఉండబట్టలేక అడిగాడు. "ఏంటమ్మా, కారుతో గొడవ పడ్డారా?"

"అవును కోటయ్యా. వారం నుంచి మాటల్లేవు."

"తుడవమంటే నేను తుడుస్తాగా."

"ముట్టుకున్నావంటే నీతో కూడా మాటలుండవు."

ఆదివారం పైపు పెట్టి పైనుంచి నీళ్ళు వదిలింది. దుమ్ము దానంతటదే నీళ్ళతో జారి కిందికి పోయేదాకా చెయ్యి వెయ్యలేదు. ఆ తర్వాతే సబ్బు నీళ్ళు, శుభ్రమైన మెత్తటి చేతి తొడుగు. ఇంటికి వెళ్ళి చార్టు తీసి ఒక్కో వరసా కొట్టేస్తూ వచ్చింది. ఇరవై మూడు కాస్తా ఎనిమిది అయ్యాయి. ఆ ఎనిమిదోదాన్ని మాత్రం కొట్టెయ్యలేకపోయింది. అది మెషిన్ పాలిష్.

ప్రదర్శనకి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, కారు తీసుకుని షెడ్డుకి వచ్చింది.

"ఒక్కసారే ఉస్తాద్. నేనింక పొడిగుడ్డ పెట్టను, కాబట్టి మళ్ళీ గీతలు పడవు. ఇవాళ అయిదు అరిగినా ఇంకో అయిదు చేతిలో ఉంటాయి. లెక్క సరిపోతుంది."

ఉస్తాద్ కాదనలేదు. లేచి వెళ్ళి మెషిన్ తెచ్చి, ప్లగ్గు తనే పెట్టి, ఆమె చేతికిచ్చాడు. ఇచ్చాక మామూలుగా అడిగాడు.

"మీటరు మధ్యలోనే పెట్టావా, మడత పక్కన కూడా పెట్టావా?"

బానెట్‌కి రెండు వైపులా పొడుగునా ఒక్కో మడత ఉంది. మైథిలి ఎప్పుడూ మధ్యలోనే కొలిచింది. మెషిన్ కింద పెట్టి మీటరు తీసింది. ఎడమ మడత పక్కన ఆనించింది. తొంభై ఏడు. కుడి పక్కన ఆనించింది. తొంభై ఆరు. తుడిచి మళ్ళీ ఆనించింది. తొంభై ఆరు.

రంగు మడతల దగ్గర మొదట్నుంచీ పలచగానే పడి ఉంటుంది. మెషిన్ ఒత్తిడి మాత్రం అక్కడే ఎక్కువ. ఆమె లెక్క కట్టింది. అయిదు తీస్తే తొంభై ఒకటి. పొర నిలవచ్చు. నిలవకపోవచ్చు. ఆ మాట చెప్పడానికి ఆమె దగ్గర అంకె లేదు.

మెషిన్ చేతిలోకి తీసుకుంది. స్విచ్ మీద వేలు పెట్టింది. నొక్కలేదు.

"రేపు ఎండలో ఇవన్నీ కనపడతాయి ఉస్తాద్," అంది నెమ్మదిగా. "పోయినేడు చూసినవాళ్ళే మళ్ళీ చూస్తారు."

"కనపడనీ తల్లీ. రంగు ఉన్నచోటే గీత కనపడుతుంది."

మైథిలి ప్లగ్గు పీకింది. వైరు చుట్టి, మెషిన్ ఉన్నచోట పెట్టేసి, బకెట్టు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

మర్నాడు ప్రదర్శన మైదానంలో కార్లన్నీ షామియానా నీడలో వరసగా నిలబడ్డాయి. ఇంకా రెండు కార్లకి చోటుంది. మైథిలి ఆ చోటు దాటి ముందుకు పోనిచ్చి, నడిమైదానంలో, ఎండలో కారు ఆపింది.