చేదు లేని కషాయం

ఒకానొక రాజ్యంలో ఒక మాటంటే జనం గడగడలాడేవారు. ఆ మాట ‘వద్దు’. ఊళ్ళో ఎవరితో ఎవరైనా అనుకోవచ్చు. కోటలో, రాజుగారి చెవిన పడేలా మాత్రం అనకూడదు. అన్నవాడి నాలుక కోయిస్తారు. ముసలి మంత్రి ఒకాయన విందులో నోరుజారి, “ఇక లడ్డూలు వద్దు ప్రభూ” అన్నాడు. ఆ తర్వాత ఆయన సైగలతోనే బతికాడు.

ఆ రాజ్యం కుందనగిరి. రాజు రణసింహ భూపతి. తన బిరుదులన్నీ చదివించుకోనిదే మజ్జిగ కూడా తాగేవాడు కాదు. ఆయన పెట్టిన చట్టానికి తోక కూడా ఒకటుంది. రాజుగారి పళ్ళెంలో చేదు వస్తువేదీ పడకూడదు. ఎందుకని అడగడానికి ఎవరికీ గుండె చాలలేదు. నన్నడిగితే, అడగకపోవడమే మంచిదైంది. అడిగినవాడూ సైగలతోనే మాట్లాడాల్సి వచ్చేది.

ఇలా ఉండగా రాజుగారికి విపరీతమైన దప్పిక పట్టుకుంది. కడవెడు నీళ్ళు తాగినా గొంతు తడిసేది కాదు. ఎంత తిన్నా ఒళ్ళు తగ్గిపోతోంది. ఆయన కాలకృత్యాలకు వెళ్ళే చోట చీమలు బారులు తీరుతున్నాయి. రాజవైద్యుడు శరభాచార్యులు ఆ చీమల బారు చూడగానే నిలువునా వణికాడు. అది మధుమేహం. పెద్ద రాజుగారిని, అంటే ఈయన తండ్రిని, పొట్టన పెట్టుకున్నదీ అదే.

తీపి మానమనాలంటే ‘వద్దు’ అనాలి. ఆచార్యులు ధైర్యం చేసి, “తమరు తీపి కాస్త తగ్గిస్తే...” అని మొదలుపెట్టాడు. రాజుగారు కనుబొమ్మ పైకెత్తారు. మిగతా మాట ఆచార్యులు మింగేశాడు. చట్టం పళ్ళేనికే కాని మందు గిన్నెకు కాదులే అని, చెప్పలేని దాన్నంతా మందులోకి ఎక్కించాలనుకున్నాడు పాపం. కాకరకాయలు, మెంతులు, నేరేడు గింజలు, పొడపత్రి ఆకు నూరి కషాయం కాచి రోజూ కోటకు పంపసాగాడు.

అంతలో కొత్త చెప్పు కరిచి రాజుగారి కాలి బొటనవేలు పుండుపడింది. అది మానలేదు. వేలు నల్లబడటం మొదలైంది.

“నీ కషాయం తాగుతున్నకొద్దీ రోగం పెరుగుతోంది. నువ్వు శత్రువుల దగ్గర సొమ్ము తిని నాకు విషం పోస్తున్నావు. పున్నమి నాటికి పుండు మానకపోతే నీకు ఉరి!” అన్నారు రాజుగారు.

మర్నాటి నుంచే కోట గుమ్మం దగ్గర వడ్రంగులు ఉరికొయ్య చెక్కసాగారు. ఆ చిత్రికపట్టే చప్పుడు ఆచార్యుల ఇంట్లోకి వినిపించేది. రోట్లో మందు నూరుతున్న ఆయన చేతులు ఆ చప్పుడుకి ఆగిపోయేవి.

రాజుగారి సభలో తిప్పన అనే విదూషకుడు ఉండేవాడు. మహా పిరికివాడు. బల్లి చప్పుడు చేసినా ఉలిక్కిపడేవాడు. రాజు నవ్వుతున్నంతసేపూ కత్తి తీయడు కదా అని, భయం కొద్దీ హాస్యం నేర్చుకున్నాడు. ఆచార్యులు వెళ్ళి అతని చేతులు పట్టుకున్నాడు.

“తిప్పన్నా, నా మందులో లోపం లేదయ్యా. అయినా ఒక్క పిసరు గుణం కనిపించడం లేదు. ఎందుకో తెలియకుండానే చచ్చిపోతానేమో!”

“ఆచార్లుగారూ, నా దగ్గరికా వచ్చారు? మీకంటే ముందు నాకే ఏడుపొచ్చేలా ఉంది” అన్నాడు తిప్పన. అన్నాడే కాని, మర్నాడు పొద్దున్నే కషాయం గిన్నె వెనకాలే కోటలోకి నడిచాడు.

గిన్నె ముందు సరుకులు దాచే ఉగ్రాణానికి వెళ్ళింది. కషాయం వాసన చూసి ఉగ్రాణపు అధికారి ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి ఇంత పటికబెల్లం పొడి వేశాడు. అక్కణ్ణుంచి గిన్నె వంటశాలకు చేరింది. వంటలక్క మూత తీసి, దేవుడికి దండం పెట్టుకుని పెద్ద బెల్లం గడ్డ వేసి కలిపింది. చివరికి అది రాజుగారికి అందించే దాసి నాంచారి చేతికొచ్చింది. నాంచారి స్తంభం చాటుకు వెళ్ళి గరిటెడు తేనె పోసింది.

తిప్పన ఎదురుగా నిలబడేసరికి ఆమె గరిటె కొంగులో దాచేసింది.

“ఏంటమ్మా ఈ పని?”

“చేదుగా ఉందని దొరవారు మొఖం చిట్లిస్తే నా గతేంటి బాబూ? చంటిబిడ్డ తల్లిని. నేనొక్కదాన్నే, అదీ ఒక్క గరిటే!”

తిప్పన వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. అరిసెల పాకం కూడా అంత తియ్యగా ఉండదు. ముగ్గురిలో ఎవరికీ మిగతా ఇద్దరి సంగతి తెలియదు. ఎవరి మెడ వాళ్ళు కాపాడుకుంటున్నారు. అందరూ కలిసి రాజుగారి రోగానికి రోజూ విందు చేస్తున్నారు.

తిప్పన అక్కడే స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆచార్యుల బదులు ఈ ముగ్గురూ కొయ్యకెక్కుతారు. చెప్పకపోతే ఆచార్యులు ఎక్కుతాడు, ఆ వెనకే రాజూ పోతాడు. ఎటు చూసినా చావే కనిపించింది. ఆ రోజు తిప్పన అన్నం ముట్టలేదు.

పున్నమి వచ్చింది. పుండు మానలేదు. సభ కిటకిటలాడుతోంది కాని దగ్గిన చప్పుడైనా లేదు. రాజుగారు కాలికి పట్టుగుడ్డ చుట్టించుకుని సింహాసనం మీద కూర్చున్నారు. చేతి పక్కన ఎప్పట్లాగే బంగారు పళ్ళెంలో సున్నుండలున్నాయి. ఆచార్యులను తాళ్ళతో కట్టి తెచ్చారు.

తిప్పన ముందుకొచ్చాడు. వచ్చాడనడం కంటే, కాళ్ళే ముందుకు జారాయనడం సబబు.

“ప్రభూ, అసలు ద్రోహి ఈయన కాదు. ఇంకొకడున్నాడు. వాడి వల్లే తమ కషాయం గుణం చెడింది. వాణ్ణి నేను పట్టిస్తాను.”

“ఎవడు వాడు?” రాజు గర్జించాడు.

“పేరు చెబితే తమరు ఆవేశంలో నరికేస్తారు. వాడు అంత సుఖంగా పోకూడదు ప్రభూ! ముందు శిక్ష సెలవివ్వండి. బతికినన్నాళ్ళూ వాడు కుమిలి కుమిలి ఏడవాలి.”

శిక్షలంటే రాజుగారికి మహా సరదా. మీసం మీద చెయ్యేశారు.

“అయితే విను. వాడు జన్మలో తీపి ముట్టకూడదు!”

“అది చాలదు ప్రభూ.”

“రోజూ కాకర రసం తాగించండి. తేనెచుక్క కలపకుండా! వరి అన్నం మాన్పించి కొర్రలు పెట్టండి. అవీ కొలిచి పెట్టండి!”

“మరి వాడు తిని కూర్చుంటే?”

“కూర్చోవడమా? పొద్దునా సాయంత్రం కోట చుట్టూ నడిపించండి. ఇంకా...” అని రాజు ఒక్క క్షణం ఆగాడు. గొంతు మారింది. “ఇంకా వాడు తినేటప్పుడు పక్కన ఒకడు నిలబడి ‘వద్దు, వద్దు’ అంటూ ఉండాలి. దాన్ని మించిన నరకం లేదు. ఇది రణసింహుడి తీర్పు. దీనికి తిరుగులేదు!”

సభ జేజేలు కొట్టింది. తిప్పన నుదుటి చెమట తుడుచుకుని, ఆ పూట కషాయం తెప్పించి రాజు చేతికిచ్చాడు. గిన్నె అంచు నిండా చీమలున్నాయి.

“రుచి చూడండి ప్రభూ.”

“రోజూలాగే తియ్యగా ఉంది” అన్నారు రాజుగారు.

తిప్పన ఇంకో గిన్నె ఇచ్చాడు. “ఇది ఆచార్లుగారి రోటి దగ్గర్నుంచి నేనే పట్టుకొచ్చాను.”

రాజు నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. ముందు వరసలో వాళ్ళు తలలు దాచుకున్నారు.

“రెండూ ఒకటే మందు ప్రభూ. ఆచార్లుగారి చేతి నుంచి తమ చేతికి వచ్చే దారిలో అది పాకమైంది.”

“దారిలో కలిపింది ఎవరు?”

గోడవారన నాంచారి కళ్ళు మూసుకుంది.

“ఎవరైతేనేం ప్రభూ? గిన్నె నా చేతికిచ్చినా నేనూ ఇంత బెల్లం వేసేవాణ్ణే. భయం!”

“ఎవరంటే భయం?”

తిప్పన తల వంచేసుకున్నాడు. రాజు మంత్రి వంక చూశాడు. సేనాపతి వంక చూశాడు. చూసిన ప్రతివాడూ తల దించేశాడు.

“నేనంటేనా?” అన్నాడు రాజు.

రాజు కత్తి దూసి లేచాడు. నల్లబడిన వేలు నేలకానగానే బాధకు కుప్పలా కూలబడ్డాడు. కత్తి చేతిలోంచి జారిపోయింది. అక్కణ్ణుంచే, ఎన్నడూ వినని చిన్న గొంతుతో మాట్లాడాడు.

“మా నాయనగారికీ ఇలాగే అయింది. ఆఖరి రోజుల్లో ఆయన ఏది ముట్టుకున్నా వైద్యులు వద్దు, వద్దు అన్నారు. చేదు మందులన్నీ పోశారు. అయినా పోయారు. ఆ మాట వింటే నా చావు నన్ను పిలిచినట్టుంటుంది తిప్పనా. నాకు భయం.”

కట్లతో ఉన్న ఆచార్యులే బదులు చెప్పాడు. “మహారాజా, పెద్ద ప్రభువులకు ఆ మాట కాలు కుళ్ళిన తర్వాత చెప్పారు. తమకు ఇంకా సమయముంది. ఈ రోగం పోతుందని నేను అబద్ధమాడను. ఈ ఆకులూ గింజలూ వాటంతట అవే కాపాడతాయనీ చెప్పను. తిండి, నడక తోడైతే రోగం అదుపులో ఉంటుంది. అయితే పుండు మానేదాకా నడక...” అని ఆగి, కళ్ళు గట్టిగా మూసుకుని, “వద్దు!” అన్నాడు.

రాజు ఏదో ఆలోచిస్తూ, అలవాటు కొద్దీ సున్నుండల పళ్ళెం మీద చెయ్యేశాడు.

“వద్దు!” అన్నాడు తిప్పన.

అనేశాక తెలిసింది తనేం అన్నాడో. రెండు చేతులతో నోరు మూసుకుని, ఆ చేతుల వెనక నుంచే గొణిగాడు.

“అన్నది నేను కాదు ప్రభూ... తమ తీర్పు!”

రాజు సున్నుండ వంక చూశాడు. తిప్పన వంక చూశాడు. పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అవి నవ్వితే వచ్చిన నీళ్ళో కాదో నేను చెప్పలేను. ఆచార్యుల కట్లు విప్పించారు. నాంచారి ఏడుస్తూ నేల మీద కూర్చుండిపోయింది.

బొటనవేలు దక్కలేదు, తీసేయాల్సి వచ్చింది. కాలు దక్కింది. కొన్నాళ్ళకు చీమలు బారు కట్టడం మానేశాయి. ఉరికొయ్య కలపతో రాజుగారు చేతికర్ర చేయించుకుని, పుండు మానిన తర్వాత దానితోనే కోట చుట్టూ నడిచారు. సైగల మంత్రి కనిపించినప్పుడు మాత్రం కర్ర చప్పుడు ఆగిపోయేది. ఆయన ముందు రాజు తల ఎత్తేవాడు కాదు.

తిప్పనకు బంగారు కడియమూ, మాన్యమూ దక్కాయి. వాటితో పాటు పెద్ద కొలువు కూడా దక్కింది. రోజూ రాజుగారి భోజనం పక్కన నిలబడి ‘వద్దు’ అనే కొలువు. అందరూ అతని అదృష్టానికి కుళ్ళుకున్నారు. తిప్పన మాత్రం జీవితాంతం ఆ మాట వణుకుతూనే అన్నాడు. అనడం మాత్రం ఒక్క పూటా మానలేదు. రాజుగారి విస్తరి ఎత్తేశాక ఒక మూలకు వెళ్ళి, నాలుక ఉందో లేదో వేలితో తడిమి చూసుకుని, అప్పుడు ఇంటికి బయల్దేరేవాడు.